కొత్త పీసీ, 95 డిగ్రీలు, మూడు రాత్రుల టెన్షన్

ఇన్నేళ్లూ ల్యాప్‌టాప్‌తోనే లాక్కొచ్చాను. కొన్ని నెలల కింద మొదటిసారి విడిభాగాలు తెచ్చుకుని నా చేతులతో నేనే ఒక డెస్క్‌టాప్ బిగించాను. రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న మదర్‌బోర్డు, డీడీఆర్5 మెమరీ, ఆరు హీట్‌పైపులున్న (వేడిని మోసే గొట్టాలు) టవర్ కూలర్, దానికి ఒక 120 ఎంఎం ఫ్యాన్. ఈ ప్రాసెసర్ డబ్బాలో కూలర్ రాదు, విడిగా తెచ్చుకోవాల్సిందే. ఏది ఎక్కడ బిగించాలో చూపించే వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోను. నేను చెప్పబోయేది పవర్ బటన్ నొక్కాక నడిచిన కథ. దానికి ఎవరూ వీడియో తీయరు, ఎందుకంటే అందులో చూడ్డానికి ఏమీ ఉండదు, ఒక మనిషి అర్ధరాత్రి పూట ఒక అంకె వంక గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటాడు, అంతే.

మొదటి షాక్ నల్ల తెర. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలిగాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయని, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారని తర్వాత తెలిసింది. అప్పటికి తెలియదు కాబట్టి రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను, అంటే రెండుసార్లు దాని పని చెడగొట్టాను. మూడోసారి విసుగొచ్చి వదిలేస్తే అదే వచ్చింది. బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే, బోర్డు సొంత సెట్టింగుల తెర) తెరుచుకోగానే ఒక మూల కనిపించింది: సీపీయూ 56 డిగ్రీలు.

ఏ పనీ చేయకుండా 56 ఏంటి? ఇలాంటివి నాకంటే బాగా తెలిసిన స్నేహితుడికి ఫోన్ చేశాను.

"బయోస్‌లో అంకె చూసి బెదిరిపోకురా. అక్కడ ప్రాసెసర్ పడుకోదు. విండోస్‌లోకి పోయాక చూడు" అన్నాడు.

అది నిజమే. విండోస్ గానీ లినక్స్ గానీ నడుస్తున్నప్పుడు పనిలేని కోర్లను (ప్రాసెసర్ లోపల పనిచేసే భాగాలను) ఎప్పటికప్పుడు నిద్రపుచ్చుతుంటాయి, దాంతో కరెంటు వాడకమూ వేడీ తగ్గుతాయి. బయోస్‌లో ఆ పొదుపు చాలావరకు ఉండదు కాబట్టి అక్కడి అంకె కాస్త ఎక్కువే కనిపిస్తుంది. అక్కడ చూడాల్సినవి రెండే. కూలర్ ఫ్యాన్‌కు ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) చూపిస్తోందా, ఉష్ణోగ్రత ఒకచోట నిలబడుతోందా లేక చూస్తుండగానే ఎక్కుతూ పోతోందా. ఎక్కుతూ పోతుంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా ఆపేయాలి, కూలర్ అసలు ఆనలేదన్నమాట. నాది 56 దగ్గర నిలబడింది. సరే అనుకుని విండోస్ ఎక్కించాను.

ఆ తర్వాత కంప్యూటర్‌లోని సెన్సర్ల అంకెలన్నీ చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో వేసుకున్నాను. సెన్సర్లు మాత్రమే చాలు అని టిక్ పెట్టి తెరిస్తే, కిందికి జరిపేకొద్దీ వరుసలు వస్తూనే ఉన్నాయి. వోల్టేజీలు, క్లాకులు (కోర్ల వేగాలు), ఫ్యాన్లు, డ్రైవులు, ఒక్కో కోర్‌కు మళ్లీ నాలుగేసి లెక్కలు. మధ్యలో ఎక్కడో ఆక్స్‌టిన్ 3 అని ఒక వరుస, దాని పక్కన 104 డిగ్రీలు.

నిజం చెప్తున్నాను, చెయ్యి నేరుగా పవర్ స్విచ్ మీదికి పోయింది. బోర్డులో ఏదో కాలిపోతోందనుకున్నాను. కేబినెట్ పలక తీసి వాసన కూడా చూశాను. ఏమీ లేదు. సంగతి ఏంటంటే, మదర్‌బోర్డు మీద ఉష్ణోగ్రతలూ ఫ్యాన్ వేగాలూ చదవడానికి ఒక చిన్న చిప్ ఉంటుంది, దానికి సెన్సర్లు తగిలించుకునే కాళ్లు కొన్ని ఉంటాయి, బోర్డు చేసేవాళ్లు వాటన్నిటినీ వాడరు. ఖాళీగా వదిలేసిన కాలు నోటికొచ్చిన అంకె చెబుతుంది. కొందరికి 127 కనిపిస్తుంది, కొందరికి సున్నా కంటే కింద. అది నిజమైన సెన్సరో ఉత్తుత్తిదో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి, కంప్యూటర్‌కు గట్టిగా పని పెట్టి చూడటమే. ప్రాసెసర్ వేడెక్కి చల్లారినా ఆ అంకెలో చలనం లేకపోతే దాన్ని నమ్మక్కర్లేదు. నా 104 అలాగే రాయిలా ఉండిపోయింది.

ఇన్ని వరుసల్లో నేను చివరికి చూడటం నేర్చుకున్నవి నాలుగే. టీసీటీఎల్/టీడై అని ఉండేది ప్రాసెసర్ అసలు ఉష్ణోగ్రత, బోర్డు ఫ్యాన్ వేగాన్ని నిర్ణయించేది కూడా మామూలుగా దీన్ని చూసే. రెండోది ప్యాకేజీ పవర్, అంటే ప్రాసెసర్ మొత్తం లాగుతున్న వాట్లు. మూడోది కోర్ల ఎఫెక్టివ్ క్లాక్, నిద్రపోయిన సమయం తీసేసి నిజంగా ఎంత వేగంతో పని జరిగిందో చెప్పేది. నాలుగోది ఫ్యాన్ ఆర్‌పీఎం. లినక్స్ వాడేవాళ్లకు ఎల్ఎం-సెన్సర్స్ ఉంటే చాలు, సెన్సర్స్ అని కొడితే కే10టెంప్ కింద ఇదే టీసీటీఎల్ వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సీపీయూ ప్యాకేజీ అన్న వరుస చూసుకోవాలి.

ఖాళీగా ఉన్నప్పుడు నాది 44 నుంచి 60 దాకా గంతులేస్తోంది. ఒక బ్రౌజర్ ట్యాబ్ తెరిస్తే 60, రెండు సెకన్లలో మళ్లీ 46. ఫ్యాన్ కూడా దాంతోపాటే హుయ్‌మని లేచి, చతికిలబడి, మళ్లీ లేస్తోంది. ఆయాసంతో మెట్లెక్కుతున్న మనిషిలా. ఇది కూడా జబ్బు కాదట. ఈ రకం ప్రాసెసర్లు చిన్న పని తగలగానే ఒక కోర్‌ను పై వేగానికి, నా దాంట్లో 5.4 గిగాహెర్ట్జ్ దాకా, ఎక్కువ వోల్టేజీతో ఎగదోస్తాయి. వేడి పుట్టేది గోరంత చిప్‌లో కాబట్టి అంకె ఒక్కసారిగా లేస్తుంది. పైనున్న హీట్‌సింక్‌కు, అంటే కూలర్ లోహపు రెక్కల కుప్పకు, ఆ సంగతి తెలిసేలోపే పని అయిపోతుంది.

ఇక లోడ్ టెస్ట్. ప్రాసెసర్ కోర్లన్నిటికీ పూర్తి పని పెట్టే సినీబెంచ్ ఆర్23 తీసుకుని పది నిమిషాల పరీక్ష పెట్టాను. మొదలైన మూడో సెకనుకు 95. అక్కడే ఆగింది, కదల్లేదు. నేను ఆపేశాను. కాసేపాగి ధైర్యం తెచ్చుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ మూడో సెకనుకు 95.

ఇక్కడే అసలు చిక్కు. ఎక్కడ చదివినా "ఈ ప్రాసెసర్లకు 95 మామూలే" అనే ఉంది. అది అబద్ధం కూడా కాదు. 2022 సెప్టెంబరులో రైజెన్ 7000 సిరీస్ వచ్చినప్పుడు ఏఎండీ చెప్పిందే అది, పూర్తి లోడ్‌లో 95 దాకా పోవడం డిజైన్‌లో భాగమేనని. 7700ఎక్స్‌కు గోడలు కొన్ని ఉంటాయి, వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి పవర్, 142 వాట్లు. రెండోది వేడి, 95 డిగ్రీలు. ఏ గోడ ముందు తగిలితే అక్కడ ఆగుతుంది, అప్పటిదాకా వేగం పెంచుకుంటూనే పోతుంది. కాబట్టి 95 కనిపించినంత మాత్రాన ఏదో చెడిపోయిందని అనలేం. నేనూ దాదాపు సర్ది చెప్పుకుని పడుకునేవాణ్నే, స్నేహితుడికి స్క్రీన్‌షాట్ పంపకపోయి ఉంటే.

"డిగ్రీలు సరే, వాట్లెంత?" అన్నాడు.

"86."

"86 వాట్లకు 95 డిగ్రీలా? నీ కూలర్ సైజుకి అది సిగ్గుచేటు. విప్పు."

అప్పుడు వెలిగింది. ప్రాసెసర్ 95 కంటే పైకి పోదు, పోనివ్వదు, దానికి తగ్గట్టు తన వేగమే తగ్గించుకుంటుంది. అంటే కూలర్ బాగున్నా 95 కనిపించవచ్చు, కూలర్ సగమే ఆనినా 95 కనిపించవచ్చు. డిగ్రీలు రెండు చోట్లా ఒకటే. తేడా వాట్లలోనూ క్లాక్‌లోనూ బయటపడుతుంది. బాగున్న కూలర్ 130, 140 వాట్ల వేడిని లాగేసి, ఐదు గిగాహెర్ట్జ్ పైన నడుస్తూ 95 దగ్గరికి వస్తుంది. నాది 86 వాట్లకే చేతులెత్తేసి 4.6 దగ్గర ఈడుస్తోంది. నేను ఆ రాత్రంతా చూసిన అంకె అసలు విషయం చెప్పే అంకే కాదు.

విప్పే ముందు నాకు ఇంకో ఆశ మిగిలింది, బహుశా గాలి ఆడటం లేదేమోనని. కూలర్ విప్పడమంటే దానికీ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే పేస్ట్ తుడవాలి, మళ్లీ వేయాలి, బద్ధకం. అందుకే కేబినెట్ పక్క పలక తీసేసి, అదే పరీక్ష మళ్లీ పెట్టాను. పలక తీస్తే అంకెలు బాగా మారితే తప్పు గాలిదన్నమాట. 95 ఎలాగూ కదలదు కాబట్టి వాట్లు చూశాను: 86 నుంచి 89కి వచ్చాయి. మూడు వాట్లు. ఆ పరీక్ష నడుస్తుండగానే ఫ్యాన్‌కు దూరంగా, కూలర్ రెక్కల అంచును వేలి కొసతో తాకి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే.  లోపల ప్రాసెసర్ ఉడికిపోతోంది, దాని నెత్తిన కూర్చున్న ఇంత పెద్ద అల్యూమినియం రెక్కల కుప్పకు ఆ ఊసే లేదు. వేడి పైకి సరిగ్గా ఎక్కడం లేదు. సెన్సర్లన్నీ కలిసి చెప్పలేనిది వేలు చెప్పింది.

పలక తీసినప్పుడే ఇంకో తప్పు కూడా కనబడింది. వెనకవైపు ఫ్యాన్ దగ్గర ఒక టిష్యూ ముక్క పట్టుకుంటే అది బయటికి ఎగరాల్సింది పోయి లోపలికి వచ్చి ఫ్యాన్‌కు అతుక్కుంది. తిరగేసి బిగించాను! ఫ్యాన్‌కు ఒకవైపు రెక్కలు విప్పారి కనిపిస్తాయి, ఇంకోవైపు మోటారును పట్టుకునే అడ్డ కమ్మీలు ఉంటాయి. గాలి విప్పారిన వైపు నుంచి లోపలికి పోయి కమ్మీల వైపు నుంచి బయటికి వస్తుంది. కొన్ని ఫ్యాన్ల చట్రం మీద చిన్న బాణం గుర్తులు కూడా ఉంటాయి, నా దాని మీదా ఉన్నాయి, నేనే చూసుకోలేదు. ముందు ఫ్యాన్లు లోపలికి ఊదుతుంటే వెనక ఫ్యాన్ కూడా లోపలికే ఊదుతోంది, మధ్యలో గాలి ఎటు పోవాలో తెలియక కొట్టుకుంటోంది. అప్పటికి దాన్ని అలాగే వదిలేశాను, దీని దెబ్బ ఎంతో తర్వాత గేమ్ ఆడినప్పుడు తెలిసింది, ఆ సంగతి కింద చెప్తాను.

మర్నాడు రాత్రి కూలర్ విప్పాను. పది నిమిషాలు పని పెట్టి ప్రాసెసర్‌ను వేడెక్కనిచ్చి, అప్పుడు ఆపి ప్లగ్గు పీకాను. వేడిగా ఉంటే పేస్ట్ మెత్తబడి కూలర్ తేలిగ్గా వదులుతుంది. నిలువుగా లాగకుండా అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ తీయాలి. పాత ఏఎం4 బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి, గట్టిగా లాగితే ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి కూలర్‌తోపాటే పైకి వచ్చేసేది, పిన్నులు వంగేవి. ఏఎం5లో పిన్నులు సాకెట్‌లోకి పోయాయి, పైన ఇనుప పట్టీ ప్రాసెసర్‌ను నొక్కి పట్టి ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. అయినా చేతులు వణికాయి.

కూలర్ అడుగు తిప్పి చూస్తే కథ మొత్తం అక్కడే రాసి ఉంది. నేను మొదట అనుమానించింది ప్లాస్టిక్ పొరని. కూలర్ అడుగున "వాడేముందు తీసేయండి" అని రాసి ఉండే ఆ పల్చటి పొర, కొత్తవాళ్లందరూ మరిచిపోయేది. అది లేదు, తీసేశాను, ఆ మాత్రం బుద్ధి ఉంది. కానీ పేస్ట్ ముద్ర వంకరగా ఉంది. ఒకవైపు అది పల్చగా నలిగి, వెనక లోహం మెరుస్తూ కనిపిస్తోంది, అలా ఉండాలి కూడా. రెండో వైపుకి పోయేకొద్దీ మందం పెరుగుతూ పోయి, చివర ఒక వేలెడు మేర పేస్ట్ నేను వేసినప్పుడు ఎలా ఉందో అలాగే, నిగనిగలాడుతూ, అంటుకోని ముద్దలా ఉంది. కూలర్ అడుగు దాన్ని సరిగ్గా తాకనే లేదు. ప్రాసెసర్ పైన కనిపించే లోహపు మూత కింద వేడి పుట్టే చిప్ సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఈ సిరీస్‌లో ఒక అంచు వైపు జరిగి ఉంటుంది. నా ఖర్మకొద్దీ ఖాళీ వచ్చింది కూడా ఆ వైపే.

కారణం స్క్రూ. ఈ కూలర్‌కు స్ప్రింగులున్న స్క్రూలు రెండు. నేను మొదటిదాన్ని చివరిదాకా బిగించేసి, తర్వాత రెండోదానికి పోయాను. అప్పటికే కూలర్ ఒకవైపు ఒరిగి ఉండటంతో రెండో స్క్రూ మర వంకరగా పట్టుకుని మధ్యలోనే బిగుసుకుపోయింది. నా చేతికి "ఇక తిరగడం లేదు, అయిపోయింది" అనిపించింది. అయిపోవడానికీ ఇరుక్కుపోవడానికీ తేడా స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతికి అంత తేలిగ్గా తెలియదు. ఇప్పుడు నేను తిప్పిన చుట్లు లెక్కపెట్టుకుంటాను. ఒకవైపు ఎనిమిది చుట్లు తిరిగి రెండో వైపు ఐదుకే ఆగితే ఎక్కడో తేడా ఉన్నట్టే.

తుడవడానికే అరగంట పట్టింది. ఏఎం5 ప్రాసెసర్ మూత నున్నటి పలక కాదు, చుట్టూ గాట్లు పెట్టి ఉంటాయి, ఆ గాట్లలో చిన్న చిన్న కెపాసిటర్లు బయటికే కనిపిస్తుంటాయి. ఎక్కువైన పేస్ట్ అంతా పోయి వాటి మధ్య చేరింది. మామూలు పేస్ట్‌లో కరెంటు ప్రవహించదు కాబట్టి ప్రమాదమేమీ లేదు, పేస్ట్ బదులు ద్రవ లోహం వాడేవాళ్లు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కాటన్ బడ్‌తో ఒక్కో గాటులోంచీ తోడాను. పన్నెండో బడ్ దగ్గర, ఇంత పట్టింపు అవసరమా అనిపించి మిగిలింది వదిలేశాను.

పేస్ట్ ఎంత వేయాలి, చుక్కగా వేయాలా, అడ్డంగా నిలువుగా గీతలు గీయాలా, గరిటతో పరచాలా అన్నదాని మీద జనం కొట్టుకు చస్తారు. నా అనుభవంలో అందులో పెద్ద తేడా లేదు, మూత అంతా పరుచుకునేంత ఉండి, కూలర్ నాలుగు వైపులా సమంగా నొక్కితే చాలు. పేస్ట్ పని వేడిని లాగడం కాదు, రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటల్లోని గాలిని తరిమేయడం. వేడిని మోసే శక్తిలో రాగిది 400 దగ్గర ఉంటే గాలిది 0.026. పేస్టులు పది లోపు ఎక్కడో ఉంటాయి. అంటే గాలితో పోలిస్తే దేవుడు, రాగితో పోలిస్తే దండగ. అందుకే అది ఎంత పల్చగా ఉంటే అంత మంచిది, నా ముద్దలాగా మందంగా ఉంటే అదే దుప్పటి అవుతుంది. ఈసారి నడుమ ఒక పెద్ద చుక్క, నాలుగు మూలలకూ నాలుగు చిన్న చుక్కలు పెట్టాను. కూలర్‌ను నిటారుగా దించి, రెండు స్క్రూలనూ చేత్తోనే మర పట్టేదాకా తిప్పి, అక్కడి నుంచి స్క్రూడ్రైవర్‌తో ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. ఎనిమిది, ఎనిమిది.

మళ్లీ సినీబెంచ్. గదిలో 30 డిగ్రీలు. మూడో సెకనుకు 79. ఒక నిమిషానికి 85. పది నిమిషాలు పూర్తయ్యేసరికి 89 దగ్గర నిలబడింది. వాట్లు 136, క్లాక్ 5.1. కూలర్ రెక్కలను తాకితే ఈసారి వెచ్చగా తగిలింది, కూలర్ వెనక చెయ్యి పెడితే వేడి గాలి. అంత సంతోషం పీసీ మొదటిసారి ఆన్ అయినప్పుడు కూడా కలగలేదు.

గది ఉష్ణోగ్రత రాసుకోమని స్నేహితుడు పోరితే మొదట విసుక్కున్నాను గానీ, అదీ ముఖ్యమే. కూలర్ ఏదైనా గది గాలి కంటే చల్లగా చేయలేదు, ఫ్యాన్‌ది గానీ నీళ్లది గానీ. గది 30 ఉన్నప్పుడు నా 89 అంటే గది కంటే 59 ఎక్కువ. ఏసీ వేసుకుని 22లో కూర్చున్నవాడికి అదే పీసీ 81 చూపిస్తుంది, వాడి కూలర్ గొప్పదని కాదు. ఎవరి అంకెతో అయినా మన అంకె పోల్చుకునే ముందు వాళ్ల గది ఎంతో, వాట్లెన్నో అడగకపోతే ఆ పోలిక దేనికీ పనికిరాదు. స్నేహితుడిది ఐ9-13900కే, దానికి ఇంటెల్ పెట్టిన పై పరిమితే 253 వాట్లు, బోర్డు ఆ పరిమితిని ఎత్తేసి నడుపుతుంటే అతను చాన్నాళ్లు తన కూలర్‌ను తిట్టుకున్నాడు. ఆ చిప్‌ల వేడి గోడ 100 డిగ్రీలు. బయోస్‌లోకి పోయి 253 అని తనే రాసుకున్నాక గొడవ తగ్గింది.

ఫ్యాన్ చప్పుడు సంగతి మూడో రాత్రి పట్టుకున్నాను. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ ఉంటుంది, ఏ డిగ్రీకి ఎంత వేగమో మనమే గీసుకోవచ్చు. వచ్చినప్పుడు ఉన్న గీత 50 నుంచే నిటారుగా లేస్తోంది, ఖాళీగా ఉన్నప్పుడే నాది 60 దాకా గంతులేస్తుంది కాబట్టి ఫ్యాన్‌కు స్థిమితం లేదు. 65 దాకా 35 శాతం, 75కి 55, 85కి 75, ఆపైన పూర్తి వేగం అని మార్చాను. అంతకంటే ఎక్కువ పనిచేసింది ఇంకొకటి, వేగం పెంచే ముందు కొన్ని సెకన్లు ఆగమనే సెట్టింగ్. ఐదు సెకన్లు పెట్టాను. రెండు సెకన్ల గంతుకు ఫ్యాన్ ఇప్పుడు ఉలకదు, పలకదు. పూర్తి వేగానికీ 75 శాతానికీ లోడ్‌లో తేడా రెండు డిగ్రీలే వచ్చింది, చప్పుడు మాత్రం చాలా తగ్గింది. ఇంకో మాట, ఇవన్నీ సరిగ్గా పనిచేయాలంటే నాలుగు పిన్నుల ఫ్యాన్ సీపీయూ ఫ్యాన్ అని రాసున్న చోటే తగిలించాలి. కేబినెట్ ఫ్యాన్ల చోట తగిలిస్తే అది వేరే సెన్సర్ చూసి తిరగవచ్చు, పైగా సీపీయూ ఫ్యాన్ లేదని బోర్డు ఎర్రర్ చూపించవచ్చు.

అప్పుడే ఒక పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తూ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో కిందికి జరిపితే, ఎం.2 ఎస్‌ఎస్‌డీ 76 డిగ్రీలు. దాని మీద బోర్డుతోపాటు వచ్చిన హీట్‌సింక్ బిగించి ఉంది కదా, మరి ఎందుకు? విప్పాను. థర్మల్ ప్యాడ్ మీద నీలం రంగు ప్లాస్టిక్ పొర! ప్రాసెసర్ కూలర్ కింద అంత వెతికిన పొర ఇక్కడ చిక్కింది. ఆ మాత్రం బుద్ధి ఉందని పైన రాశాను, ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. పొర పీకాక అదే ఫోల్డర్‌కు 58.

గేమ్ పరీక్షలో వెనక ఫ్యాన్ సంగతి తేలింది. సినీబెంచ్‌లో ప్రాసెసర్ ఒక్కటే వేడెక్కుతుంది. గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డు తన వేడిని చాలావరకు కేబినెట్‌లోకే ఊదుతుంది, ఆ వేడి గాలే పైనున్న ప్రాసెసర్ కూలర్ పీల్చుకుంటుంది. ఫ్యాన్ తిరగేసి ఉన్నప్పుడు గంట గేమ్ తర్వాత ప్రాసెసర్ 84, సరిచేశాక అదే గేమ్‌లో 72. నిజానికి గేమ్‌లో ప్రాసెసర్ లాగేది 70, 80 వాట్లే, 84 రావాల్సిన పనే లేదు. అందుకే ఒక్క సినీబెంచ్ చూసి సరిపెట్టుకోకుండా మీరు రోజూ చేసే పని గంటసేపు చేసి చూడండి. ప్రాసెసర్‌కు విపరీతమైన పని పెట్టే ప్రైమ్95 లాంటివి రాత్రంతా నడపమని కొందరు సలహా ఇస్తారు. నేను అందులో బాగా వేడి పుట్టించే చిన్న ఎఫ్‌ఎఫ్‌టీల పరీక్షను పదిహేను నిమిషాలు నడిపి, 95 తగిలి క్లాక్ కాస్త తగ్గడం చూసి ఆపేశాను. అంత బరువు పని నా జీవితంలో ఈ పీసీకి నేను పెట్టను.

ఇక్కడితో ఆగొచ్చు, ఆగలేదు. బయోస్‌లో ప్రాసెసర్ లాగే వాట్లను తగ్గించే ఎకో మోడ్ అని ఉంటుంది, 65 వాట్ల ఎకో మోడ్ పెడితే అసలు పవర్ పరిమితి 88 వాట్లు అవుతుంది, పేరు చూసి మోసపోకండి. పెట్టాను. సినీబెంచ్‌లో 66 డిగ్రీలు, స్కోరు తగ్గింది ఐదు శాతమే. నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది దాని క్లాక్: 4.85. మొదటి రాత్రి దాదాపు ఇన్నే వాట్లు, 86, లాగుతూ 95 డిగ్రీల దగ్గర 4.6 మాత్రమే చేసింది కదా, అదే చిప్, అదే కరెంటు, చల్లగా ఉంటే ఎక్కువ పని చేసింది. వేడెక్కిన సిలికాన్‌లో ఊరికే కారిపోయే కరెంటు పెరుగుతుంది, చల్లగా ఉంటే అది తగ్గి పనికి మిగులుతుంది.

ఆ ఊపులో కోర్లకు వెళ్లే వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ కూడా ముట్టుకున్నాను, అన్ని కోర్లకూ మైనస్ 25. లోడ్ టెస్టులన్నీ చక్కగా పాసయ్యాయి. రెండు రోజుల తర్వాత, ఏ బరువు పనీ లేకుండా పాట వింటూ మెయిల్ చదువుతుంటే తటాలున రీస్టార్ట్ అయ్యింది. వోల్టేజీ మరీ తగ్గిస్తే అది బయటపడేది బరువు పనిలో కాదు, ఒక్క కోర్ ఎగిరెగిరి పడే తేలికపాటి పనిలోనట. మైనస్ 12కి తెచ్చాక మళ్లీ అలా జరగలేదు.

ఇప్పుడు మామూలు రోజుల్లో ఎకో మోడ్‌లోనే ఉంచుతున్నాను, వీడియో ఎగుమతి ఉన్నరోజు తీసేస్తాను. నెలకోసారి అదే పది నిమిషాల పరీక్ష పెట్టి గది ఉష్ణోగ్రత, డిగ్రీలు, వాట్లు, క్లాక్ ఒక ఫైల్లో రాసుకుంటున్నాను. మొన్న మూడు డిగ్రీలు పెరిగితే ముందు కేబినెట్ దుమ్ము జల్లెడ విప్పి చూశాను, దుమ్ము బూజులా పట్టి ఉంది, బ్రష్‌తో దులిపితే మళ్లీ పాత అంకె. ఆక్స్‌టిన్ 3 మాత్రం ఇవాళ్టికీ 104 మీదే ఉంది. ఆ వరుసను కనబడకుండా దాచేశాను.